నేలమాళిగ త్రవ్వకము - శ్రావక ధర్మము

పట్టణములలోని అంగడి వీధులలో స్థలము అడ్డముగా పెరుగుటకు వీలు లేదు. పైకి పెరుగుటకు పురపాలక సంఘమువారి నిబంధనలు అడ్డు వచ్చును. కావున వర్తకుడు క్రిందికి చూచుచున్నాడు. చెన్నపట్టణము షావుకారుపేటలో గాని, బెంగుళూరు చిక్కపేటలో గాని, షోలాపురములో గాని పాత దుకాణము పడగొట్టి క్రొత్తది కట్టదలచిన గృహస్థుడు ఇంజనీరును ముందుగా అడుగు ప్రశ్నలలో "సెల్లారు ఎన్ని అడుగులు వచ్చును?" అనునది ఒకటి. సరకు నిలువ చేయుటకు, బండ్లు నిలుపుటకు, అద్దెకు ఇచ్చుటకు నేలమాళిగ అక్కరకు వచ్చును. ఇందులో తప్పు పట్టవలసినది ఏమున్నదని చాలమంది అనుకొందురు. అయితే ఆ గృహస్థుడే ప్రతిక్రమణమునకు కూర్చుండి పదునైదు కర్మాదానముల పేర్లు వల్లించునప్పుడు, అయిదవదిగా "ఫోడీకమ్మ" అని నోట పలుకుచున్నాడు. స్ఫోటకర్మ, అనగా భూమిని పగులగొట్టు పని. ఉదయము సెల్లారు కంట్రాక్టు మీద సంతకము చేసి, సాయంకాలము ఈ మాట పలికినవానికి రెంటికి నడుమ సంబంధమేమియు తోచకపోవుట వింతయే.

ఈ పదునైదు పేర్లు ఉపాసకదశాంగ సూత్రములో కలవు. వాణిజ్యగ్రామమునకు చెందిన ఆనందుడను గృహపతి మహావీరస్వామి సన్నిధిని ద్వాదశ వ్రతములు స్వీకరించిన ఘట్టములో అవి వచ్చును. ఈ ఆనందుడు ఇల్లు విడిచినవాడు కాడు. కోట్ల ధనము, వేల గోవులు, బండ్లు, ఓడలు కలిగిన సంపన్నుడు. వ్రతము పట్టినప్పుడు తన సేద్యమును 500 నాగళ్ళకు పరిమితము చేసికొనెను. ఇక్కడ ఆలోచింపవలసిన విషయమొకటి కలదు. నాగలి కూడ భూమిని చీల్చునదే. స్ఫోటకర్మ అతిచారమని విన్న శ్రావకుడే 500 నాగళ్ళు ఉంచుకొనెను. అనగా భూమిని తాకరాదని గృహస్థునికి ఆజ్ఞ లేదు. ఇంతకు మించి తాకనని అతడు తనకు తాను గీత గీసికొనవలెను. ఆ గీత ఎక్కడ గీయవలెనన్నదే సెల్లారు త్రవ్వించువాని ముందున్న ప్రశ్న. ఇంజనీరు గీచిన పటములో లోతు కనబడును గాని ఈ గీత కనబడదు.

వ్యాఖ్యాతలు కర్మాదానములను జీవనోపాధులుగా చెప్పిరి. త్రవ్వుటే వృత్తిగా బ్రదుకువానికి అది కర్మాదానము. తన ఇంటికి పునాది త్రవ్వించుకొనువాడు ఆ మాటకు అక్షరాలా లోబడడు. ఈ సందు చూచుకొని ఊరట చెందువారు ఉన్నారు. కాని నేడు మన వర్తక కుటుంబములలో బట్టలు, నగలు, ఇనుము అమ్మినవారి బిడ్డలనేకులు గృహనిర్మాణ వ్యాపారములో భాగస్థులై యున్నారు. ఏటికి రెండు మూడు స్థలములలో సెల్లార్లు త్రవ్వించి, భవనములు కట్టించి అమ్ముచున్నారు. వారికి ఇది వృత్తియే. వారి విషయములో ఆ సందు మూసికొని పోయినది.

దిగంబర సంప్రదాయములో అమృతచంద్రాచార్యుల పురుషార్థసిద్ధ్యుపాయము ఇదే విషయమును మరియొక దారిన చెప్పినది. అనర్థదండములను లెక్కించుచు, కారణము లేకుండ భూమిని త్రవ్వుటను ప్రమాదచర్యలో చేర్చినది. "కారణము లేకుండ" అనునదే అక్కడి ముఖ్యమైన మాట. కారణమున్న త్రవ్వకము వేరు, లేని త్రవ్వకము వేరు. వర్తకునికి కారణములు వెదకుకొనుట కష్టము కాదు గాని, పది అడుగులకు ఉన్న కారణము ఇరువది అడుగులకు కూడ ఉన్నదా అని అడుగుట అతనికి కష్టము.

గుంతలో ఎవరున్నారో చూడవలెను. శ్వేతాంబరులకు ప్రమాణమైన ఆచారాంగ సూత్రము శస్త్రపరిజ్ఞ అను అధ్యయనముతో ఆరంభమగును. పృథ్వీకాయ జీవులకు ఏది శస్త్రమగునో దానిలో వివరింపబడినది. ఏ పనిముట్టు తగలని లోతు మట్టి సచిత్తము. దానిలో స్పర్శ ఒక్కటే తెలిసిన ఏకేంద్రియ జీవులు. కొంచెము పైన వానపాము, రెండు ఇంద్రియములు కలది. చీమలు, మూడు. తడి మూలలలో దాగిన కప్ప, గోడ సందులోని పాము, పంచేంద్రియములు. చివరకు నిచ్చెన దిగి గుంత అడుగున నిలువబడిన కూలివాడు, మనస్సు కలిగిన పంచేంద్రియుడు. జీవతత్త్వములో గురువులు మెట్లు మెట్లుగా బోధించునదంతయు 40 అడుగుల వెడల్పు గల ఒక్క గోతిలో కలదు. స్థావర జీవుల హింసను గృహస్థుడు పూర్తిగా విడువలేడని శాస్త్రమే అంగీకరించినది. ఇల్లు, వంట, వ్యాపారము ఉన్నంతవరకు ఆరంభ హింస, ఉద్యోగ హింస తప్పవు. కాని ఆ మినహాయింపు గుంత అడుగున నున్న మనిషికి వర్తింపదు. వానపామునకు చెప్పిన సర్దుబాటు మాటను కూలివాని విషయములో కూడ చెప్పుకొనువారు శాస్త్రమును చదివినవారు కారు, వాడుకొనినవారు.

ఇక్కడనే ఒక పాత సాకు వినబడును. "త్రవ్వినది నేను కాదు, కంట్రాక్టరు. అతడు తెచ్చినది పొక్లెయిను యంత్రము. దానిని నడిపినవాడు ఎవరో ఊరివాడు." ఈ మాట కోర్టులో కొంతవరకు పనికి రావచ్చును. ధర్మములో పనికి రాదు. చేయుట, చేయించుట, చేసినదానిని మెచ్చుకొనుట, ఈ మూడు కరణములును కర్మబంధమునకు ద్వారములే. సెల్లారు విషయములో చేయించువాని పాలు ఒక్కొక్కప్పుడు చేయువాని పాలు కంటె పెద్దది. లోతు నిర్ణయించినవాడు యజమాని. సరిహద్దు గోడ వరకు త్రవ్వమన్నవాడు యజమాని. పండుగ నాటికి దుకాణము తెరువవలెనని గడువు పెట్టినవాడు యజమాని. ప్రక్కలకు ఆనింపులు పెట్టుటకు అయ్యెడు ఖర్చు చూచి "ఇది తీసివేయుడు" అని అంచనా కాగితములో గీత కొట్టినవాడు కూడ యజమానియే. కంట్రాక్టరు ఈ నాలుగింటిలో దేనికిని కర్త కాడు.

హింసకు తత్త్వార్థసూత్రము చెప్పిన లక్షణములో ప్రమత్తయోగము ముఖ్యము. అజాగ్రత్తతో కూడిన ప్రవృత్తి వలన ప్రాణహాని కలిగిన అది హింస. ఇది వినుటకు సూక్ష్మ తత్త్వముగా తోచును. త్రవ్వక స్థలమున నిలువబడి చూచినచో సూక్ష్మమేమియు కాదు. ప్రమాదము, అనగా ఏమరుపాటు, అక్కడ కంటికి కనబడు రూపములలో ఉండును. కేంద్ర ప్రజాపనుల శాఖవారి భద్రతా నియమావళి దానిని మీటర్లలో చెప్పినది. ఒకటిన్నర మీటరు లోతు దాటిన గుంతకు ప్రక్కలను మెట్లుగానో వాలుగానో చెక్కవలెను, లేక దుంగలు పలకలు ఆనించి నిలుపవలెను. త్రవ్వి తీసిన మట్టిని అంచునకు ఒకటిన్నర మీటరు లోపల గాని, లోతులో సగము దూరము లోపల గాని పోయరాదు. రెంటిలో ఏది ఎక్కువైన అది పాటింపవలెను. పైనుండి క్రిందికే త్రవ్వవలెను గాని అడుగు భాగమును దొలిచి పై మట్టిని వ్రేలాడనీయరాదు. 1.2 మీటర్లు దాటిన లోతున పనివారికి ప్రతి 30 మీటర్లకు ఒక నిచ్చెన ఉండవలెను. మునులకు ఈర్యాసమితి నాలుగు మూరల నేల చూచి అడుగు వేయుమన్నది. గుంత త్రవ్వించు గృహస్థునకు ఈ నిచ్చెనయు, ఈ ఒకటిన్నర మీటరును సమితి వంటివే.

మట్టి తీసిన చోట అది ఖాళీ స్థలము మాత్రమే కాదు. అంతవరకు ఆ మట్టి ఒక పని చేయుచుండెను. చుట్టునున్న నేలను, ఆ నేలపై నిలిచిన పొరుగువారి గోడను అది ప్రక్కనుండి పట్టుకొని యుండెను. దానిని తీసివేయుట అనగా పొరుగువాని ఊతకర్రను లాగివేయుటయే. 2009 జూన్ 27న చైనాలోని షాంఘై నగరములో ఒక 13 అంతస్తుల క్రొత్త భవనము వ్రేళ్ళతో పెకలించిన చెట్టువలె చెక్కు చెదరకుండ ప్రక్కకు పడిపోయినది. దానికి ఒక వైపున భూగర్భ గరాజు కొరకు 4.6 మీటర్ల లోతు గుంత త్రవ్వుచుండిరి. తీసిన మట్టిని రెండవ వైపున సుమారు పది మీటర్ల ఎత్తున గుట్ట పోసిరి. ఒక వైపు ఊతము పోయినది, ఒక వైపు బరువు పడినది. పునాది స్తంభములు విరిగినవి. ఒక కూలివాడు చనిపోయెను. మట్టిని ఎక్కడ పోయవలెనన్న చిన్న విషయములో చూపిన అలసత్వము పెద్ద మేడను పడగొట్టినది.

మట్టి అన్ని ఊళ్ళలో ఒక్కటి కాదు. బెంగుళూరు ఎర్రమట్టి ఎండకాలములో నిలువుగా కోసినను గోడవలె నిలిచి మనిషిని నమ్మించును. నాలుగు వానలు పడిన పిమ్మట చెప్పకుండ జారును. షోలాపురపు నల్లరేగడి తడిసిన ఉబ్బును, ఎండిన పగులును. దానిలో పాత ఇళ్ళ గోడలు ఏటేట కదలుచునే యుండును. గోదావరి ఒడ్డున యానాములో సెల్లారు త్రవ్వుట బావి త్రవ్వుటతో సమానము. చెన్నపట్టణములో సముద్రపు వైపు ఇసుక నేల, అక్కడక్కడ బంకమట్టి, వానకాలములో నీరు పైపైననే.

నీటి సంగతి వచ్చినది గనుక దానిని కొంచెము వివరింపవలెను. గుంతలో నీరూరిన మోటారు పెట్టి తోడుదురు. అది రాత్రింబవళ్ళు వారములు, నెలలు నడచును. నేల క్రింది నీటికి సరిహద్దు గోడలు లేవు. ఒక స్థలములో తోడిన నీరు ప్రక్క స్థలముల క్రిందనుండి కూడ వచ్చును. వచ్చునప్పుడు సన్న ఇసుకను వెంటబెట్టుకొని వచ్చును. బంకమట్టి నీరు కోల్పోయి క్రుంగును. మూడవ ఇంటివారి బావి ఎండును, నాలుగవ ఇంటివారి గోడలో పగులు కనబడును. వారు "ఇల్లు పాతబడినది" అనుకొందురు. మోటారు నడిపినవాడును అట్లే అనును. పదునైదు కర్మాదానములలో పదునాలుగవది సరస్సులు, మడుగులు, చెరువులు ఎండగట్టు పని. అయిదవదియు పదునాలుగవదియు ఒకే గుంతలో కలియుట పూర్వులు చూడలేదు. వారి కాలమున మోటారు లేదు.

పొరుగువాని గోడను గూర్చి చట్టము కూడ కొంత చెప్పినది. 1882 నాటి భారత సౌలభ్య హక్కుల చట్టము ఏడవ సెక్షను ప్రకారము ప్రతి భూయజమానికి తన నేల సహజస్థితిలో ఉన్నప్పుడు ప్రక్క నేల ఇచ్చు ఆనింపును పొందు హక్కు కలదు. అయితే ఇది నేలకే. దాని మీద కట్టిన ఇంటి బరువుతో కూడిన ఆనింపునకు హక్కు రావలెనన్న పదునైదవ సెక్షను ప్రకారము 20 సంవత్సరములు నిరాటంకముగా అనుభవించి యుండవలెను. వర్తకునికి ఈ 20 సంవత్సరముల లెక్క బాగుగా తెలియును. పొరుగింటి వితంతువు పదునెనిమిదేళ్ళ క్రింద కట్టుకొన్న మేడకు ఆ హక్కు ఇంకను పక్వము కాలేదని ప్లీడరు చెప్పవచ్చును. ఆమె గోడకు నెర్రె విచ్చినచో చట్టమునకు పదునెనిమిది ఏళ్ళు, ఇరువది ఏళ్ళు వేరు వేరు. అస్తేయ వ్రతము పట్టినవానికి వేరు కావు. ఇతరుల ఆస్తి నుండి ఇవ్వని దానిని తీసికొనుటకు కాలపరిమితి ఏదియు శాస్త్రములో లేదు. త్రవ్వుటకు ముందే ఆమె గోడలను ఆమె ఎదుటనే పరిశీలించి, ఉన్న పగుళ్ళను కాగితముపై వ్రాసి ఇద్దరును సంతకములు చేసినచో తరువాత ఎవరిని ఎవరును అనుమానింపనక్కరలేదు. ఇంజనీర్లు ఈ పని చేయుమనియే చెప్పుదురు. యజమానులే పొరుగువారికి లేని ఆలోచన పుట్టించుట ఎందుకని దాటవేయుదురు.

లెక్క వర్తకుల భాష గనుక లెక్కలోనే చెప్పుట మేలు. 40 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు గల స్థలము తీసికొందము. అంచు నుండి అంచు వరకు పది అడుగులు త్రవ్విన 24,000 ఘనపుటడుగుల మట్టి, అనగా సుమారు 680 ఘనమీటర్లు. బరువు సుమారు 1,200 టన్నులు. పది టన్నుల లారీలు 120. ఇరువది అడుగులు త్రవ్విన లారీలు 240 అగును. ఇది రెండింతల లెక్క, అందరికి తెలిసినదే. తెలియనిది వేరొకటి. నిలువు గోడపై మట్టి తోపు లోతుతో పాటు సమముగా పెరుగదు. లోతు రెండింతలైన మొత్తము తోపు నాలుగింతలగును, మూడింతలైన తొమ్మిదింతలగును. అద్దె రెండింతలు వచ్చునని రెండవ సెల్లారు అడుగువాడు నాలుగింతల అపాయమును కొనుచున్నాడు. దానికి వెల చెల్లించువాడు తరచుగా అతడు కాడు. వట్టి నీటి సంగతి చూచినను, నీటిమట్టమునకు ఒక్క మీటరు దిగువనున్న నేలపలకను నీరు చదరపు మీటరుకు ఒక టన్ను చొప్పున పైకి నెట్టుచుండును.

అదే స్థలములో నాలుగు వైపుల అయిదేసి అడుగులు విడిచి త్రవ్వినచో గుంత 30 అడుగులు, 50 అడుగులు. 2,400 చదరపు అడుగులలో 1,500 మిగులును, 900 పోవును. మూడవ వంతుకు మించిన నష్టము. ఆ 900 చదరపు అడుగులకు ఆ వీధిలో వచ్చు అద్దె ఎంతయో ఆ గృహస్థునికి నిద్రలో అడిగినను చెప్పగలడు. అపరిగ్రహ వ్రతము ఇంత స్పష్టముగా రూపాయలలో కనబడు సందర్భములు తక్కువ. పూజలో వేలము పాడి ఇచ్చు ధనమునకు సంఘములో చప్పట్లు కలవు. సరిహద్దున విడిచిన అయిదు అడుగులకు చప్పట్లు లేవు. ఎవరికిని తెలియనే తెలియదు. అంతవరకు విడువలేనివారు కనీసము త్రవ్వుటకు ముందే అంచు చుట్టు కాంక్రీటు స్తంభములు దించి గోడ కట్టించి, ఆ పిమ్మటనే లోపలి మట్టిని తీయింపవలెను. ఖర్చు హెచ్చు. చోటు మిగులును, గోడ నిలుచును. రెండును చేయక చోటును ఖర్చును రెంటిని మిగుల్చుకొనువాడే పొరుగువాని గోడతోను, కూలివాని ప్రాణముతోను జూదమాడుచున్నాడు.

ఆ 120 లారీల మట్టి ఎక్కడికి పోవుచున్నదని అడుగువారు బహు తక్కువ. ఊరి వెలుపల పల్లము చూచి, చెరువు గర్భము చూచి లారీవాడు కుమ్మరించి పోవును. చెరువు పూడును. చేపలు, కప్పలు, తూటికాడల నడుమ గ్రుడ్లు పెట్టు పక్షులు అందులోనే కప్పబడును. చెరువు ఎండగట్టుట మోటారుతోనే కాదు, మట్టితోను జరుగును. మట్టి దింపు చోటు పేరు కంట్రాక్టు కాగితములో వ్రాయించుట ఒక్క పంక్తి పని.

దీనికి ఎదురు వాదము లేకపోలేదు, అది తేలిక వాదమును కాదు. శ్రావకుడు మానుకొన్నంత మాత్రమున ఆ స్థలములో గుంత ఆగునా? మరియొకడు కొని ఇంకను లోతుగా, ఇంకను అజాగ్రత్తగా త్రవ్వును. బండ్లు వీధిలో నిలిచి నడచువారికి దారి లేకుండ చేయుట కూడ ఒక హింసయే గదా? కూలివానికి ఆ పని లేకున్న పూట గడవదు గదా? ఈ మాటలలో నిజము కలదు. జైన సంప్రదాయము కూడ నేల క్రింది గదులను ఎన్నడును నిందింపలేదు. జైసల్మేరు కోటలో సంభవనాథస్వామి ఆలయము క్రింద నున్న జ్ఞానభండారములో తాళపత్ర గ్రంథములు శతాబ్దములుగా భద్రముగా నున్నవి. అనేక దేవాలయములలో భూగృహములు కలవు. ఒడిశాలో భువనేశ్వరమునకు సమీపముననున్న ఉదయగిరి, ఖండగిరి గుహలు మునుల నివాసమునకై కొండను తొలిచి చేసినవే. ఖారవేలుని హాథీగుంఫా శాసనము అక్కడనే యున్నది. ఆ కొండ రాయి కూడ పృథ్వీకాయమే. తొలిపించినవారికి ఆ సంగతి తెలియకపోలేదు. వారు తొలిచిన గదులు మనిషి పడుకొనుటకు చాలునంతయే, కొన్నింటిలో నిటారుగా నిలువబడుటకు కూడ వీలు లేదు. అవసరమునకు మించి రాతిని తీయలేదు. ఆ చిన్న గుహ ముందు నిలిచి మూడు అంతస్తుల సెల్లారును తలచుకొనినచో కారణమునకు, ఆశకు నడుమ భేదము కొంత అర్థమగును. సరకు పెట్టుటకు త్రవ్విన గదిని తరువాత మనుష్యులు కూర్చుండు గదిగా అద్దెకిచ్చుట ఈ ఆశకే మరొక మెట్టు. ఢిల్లీలో 2024 జూలై 27న నేలమాళిగలో నడుపుచున్న గ్రంథాలయములోనికి వాననీరు జొచ్చి ముగ్గురు విద్యార్థులు మరణించిన సంగతి లోకమెరిగినదే.

కాలమును గూర్చి ఒక సంగతి మిగిలినది. ఆషాఢము నుండి కార్తీక పూర్ణిమ వరకు సాధు సాధ్వులు ఒకచోటనే నిలిచి చాతుర్మాస్యము జరుపుదురు. వానలలో నేలనిండ జీవులు పుట్టును గనుక నడకయే హింస యగునని ఆ నియమము. భక్తి గల గృహస్థులు కూడ ఆ నాలుగు నెలలు ఇల్లు కట్టుట, నేల త్రవ్వుట వాయిదా వేయుదురు. ఇది మంచి ఆచారము. తడిసిన మట్టి గోడ అన్నింటికంటె బలహీనము గనుక కూలివానికి కూడ రక్ష. కాని ఈ లెక్క ఉత్తర దేశపు వానలకు సరిపోయినది. తమిళనాటి తీరమున ఈశాన్య ఋతుపవనము అక్టోబరులో మొదలై డిసెంబరు వరకు కురియును. 2023లో కార్తీక పూర్ణిమ నవంబరు 27న వచ్చినది. సాధువుల విహారములు మొదలయ్యెను, చాతుర్మాస్యము ముగిసినదని వ్యాపారులు ఆగిన పనులు తిరిగి ఎత్తుకొనిరి. సరిగా వారము తరువాత, డిసెంబరు 4న, మిచౌంగ్ తుపాను వానలలో చెన్నపట్టణము వేళచ్చేరిలో భవనము కొరకు త్రవ్విన లోతైన గుంత అంచు విరిగి పడినది. గుంతలోనికి వరద నీరు జొచ్చినది. ఇద్దరు అందులో చిక్కుకొనిరి. రోజుల తరబడి నీరు తోడిన పిమ్మట గాని వారి మృతదేహములు దొరకలేదు. చెన్నపట్టణములోను, దానికి దక్షిణమున తీరము వెంబడి ఊళ్ళలోను స్థిరపడిన కుటుంబములు త్రవ్వకము విషయములో కార్తీక పూర్ణిమను విడిచి సంక్రాంతిని గడువుగా పెట్టుకొనవలసి యున్నది. వాయిదా పడిన ఆ ఏడు వారముల అద్దె ఎంతయో ముందే లెక్క వేసి, అంచనాలో వ్రాసికొని, ఆ తరువాతనే కంట్రాక్టరును పిలువవలెను.